విల్లు మీద ఒట్టు

"ఒప్పుకో. ఒక్క మాట అనెయ్. ఇప్పుడే తాడు కట్టేస్తా."

యాకూబ్ ఈ మాట అనడం పొద్దుటి నుంచి మూడోసారి. మొదటిసారి గట్టిగా అన్నాడు, రెండోసారి బతిమాలినట్టు అన్నాడు, ఈసారి గోడకేసి చూస్తూ అన్నాడు.

హమీదా చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "మింగనిదాన్ని మింగానని ఎట్టా ఒప్పుకునేది?"

"మరి ఆ రేకుకి కాళ్ళొచ్చి నడిచొచ్చిందా దూదిలోకి?"

"అది నాకు చెప్పి రాలా. నేను మింగలా. నాలుగు రోజుల్నించి ఇదే చెప్తన్నా. రేపడిగినా ఇదే చెప్తా. రేపు నేను ఈడ ఉండననుకో, అది వేరే సంగతి."

ఆ చివరి మాటకు యాకూబ్ భుజాలు కాస్త కదిలాయి గానీ, మనిషి మాత్రం ఇటు తిరగలేదు.

ఇద్దరి మధ్యా ఇంటి దూలానికి దూది ఏకే విల్లు వేలాడుతోంది. మనిషంత పొడుగు విల్లు. దాని తాడు విప్పేసి నాలుగు రోజులైంది. మూలన దూది కుప్ప పోసింది పోసినట్టే ఉంది. త్రికోటేశ్వరరావు గారి కూతురి పెళ్ళికి రెండు పరుపులూ ఆరు దిండ్లూ ఎల్లుండికి అందాలి. నిన్న ఆయన మనిషి వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసి, ఏమీ అనకుండానే వెళ్ళిపోయాడు. ఏదన్నా అని ఉంటే బాగుండేది.

తాడు ఎందుకు విప్పాడో నరసరావుపేటలో ఆ వీధి మొత్తానికి తెలుసు. పదకొండు రోజుల కిందట హమీదా ఆ తాడు మీద చెయ్యి వేసి, ఇక తలనొప్పి బిళ్ళ ముట్టనని ఒట్టేసింది. ఏడో రోజున యాకూబ్ దూది ఏకుతుంటే, తెల్లటి దూదిలోంచి తళుక్కుమంటూ బిళ్ళల రేకు ఒకటి ఎగిరి అతని మోకాలి మీద పడింది. పది గుంటలూ ఖాళీ.

విల్లు మీద వేసిన ఒట్టు తప్పితే తాడు తెగి మొహాన కొడుతుందని ఆ ఇంట్లో మూడు తరాల నమ్మకం. యాకూబ్ తాత తమ్ముడికి ఒక కన్ను అట్లాగే పోయిందని చెప్పుకుంటారు. తాడు పాతదైతే ఒట్టుతో పనిలేకుండానే తెగుతుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

తప్పు ఒప్పుకుంటే ఒట్టు తీరిపోతుంది, తాడు కట్టుకోవచ్చు. యాకూబ్ ఆలోచన అంతవరకూ సూటిగానే ఉంది. అందుకోసం హమీదా అబద్ధమాడాల్సి వస్తుందన్నది ఒక్కటే అతనికి తోచలేదు.

వంటింటి గుమ్మంలో కూర్చుని గోంగూర కట్ట విప్పుతోంది అత్త సైదమ్మ. అరవై దాటిన మనిషి. నుదుటికి ఎప్పుడూ ఒక పాత గుడ్డ బిగించి కట్టుకుని ఉంటుంది. చలిగాలి పడదంటుంది, రోహిణి కార్తెలో కూడా.

"అనెయ్యవే అమ్మాయ్," అంది ఆకులు తుంపుతూ. "ఒక్క మాటంటే నీ సొమ్మేం పోద్ది? వాడు తాడు కట్టుకుంటాడు, పరుపులవుతాయి. ఇంత మొండితనం పనికిరాదు."

"నువ్వు కూడా అంటన్నావా అత్తా?" హమీదా చేట కింద పెట్టింది. "పక్కనే ఉండి చూసింది నువ్వు. వాంతులైతే గిన్నె పట్టుకుంది నువ్వు. చెమటలు తుడిచింది నువ్వు. నేను మింగుతా ఉంటే నీ కంటపడదా?"

సైదమ్మ ఇంకో కట్ట విప్పింది. గోంగూర కాడల మీద అంత శ్రద్ధ ఆమె ఎన్నడూ పెట్టి ఎరగదు.

"ఇయ్యాల కూడా గోంగూరేనా?" అన్నాడు యాకూబ్. కోపం ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. "పది రోజుల్నించి పుల్లకూర తినీ తినీ పళ్ళు జివ్వుమంటన్నాయి. ఎండనబడి బస్టాండు దాకా పోయి రోజూ ఇదే తెస్తావేందమ్మా?"

"లేతగా ఉంటేనూ," అంది సైదమ్మ.

యాకూబ్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గడప దగ్గర ఆగాడు.

"మీ అన్న ఎన్నింటికొస్తాడు?"

"మూడింటి బస్సుకి."

"గుల్షన్?"

"దాని పరీక్షలయ్యేదాకా ఈడే ఉంటది. కార్డు రాసింది అదేగా, దానికి తెలుసు."

ఐదో తరగతి పిల్ల చేత, అమ్మను పుట్టింటికి తీసుకుపొమ్మని మేనమామకు కార్డు రాయించడం ఎంత పనో యాకూబ్‌కి ఆ క్షణంలో తెలిసినట్టుంది. నోరు తెరిచాడు. మళ్ళీ ఆ రేకు గుర్తొచ్చింది కాబోలు, మూసుకుని వెళ్ళిపోయాడు.

*

ట్రంకుపెట్టె అటక మీద ఉంది. హమీదా స్టూలెక్కి దాన్ని కిందికి దించి, మూత తెరిచి చీరలు మడిచి పెడుతోంది. ఒక్కో మడతనీ అరచేత్తో గట్టిగా అణిచింది.

పదకొండు రోజులు. తను ఎట్లా గడిపిందో ఆ మనిషికి తెలియదా? రెండో రోజు తలను గోడకేసి కొట్టుకోబోతే తన అరచెయ్యి అడ్డం పెట్టింది అతనే. మొదటి మూడు రోజులు, చప్పుడు పడదని, విల్లు ముట్టుకోకుండా కూర్చున్నదీ అతనే. కిటికీకి గోనెపట్టా కట్టి చీకటి చేశాడు, అరికాళ్ళు పిసికాడు. అంత చేసిన మనిషి ఒక ఖాళీ రేకు చూసేసరికి భార్యను దొంగను చేశాడు. చేసిన సేవ అంతా ఆ ఒక్క చూపుతో తిరిగి తీసేసుకున్నాడు.

అసలు స్టేషన్ రోడ్డు డాక్టరు జానకిరామయ్య దగ్గరికి తీసుకెళ్ళింది కూడా అతనే. సర్కారు ఆసుపత్రిలో రిటైరై చిన్న గదిలో కూర్చునే పెద్దాయన.

"రోజుకి ఎన్ని బిళ్ళలమ్మా?" అని అడిగాడాయన.

"నాలుగండీ."

ఆయన ఏమీ రాయలేదు. కలం పట్టుకుని ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

"ఆరండీ," అంది హమీదా.

ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"తొమ్మిది. ఒక్కోరోజు పది."

అప్పుడు రాసుకున్నాడు. "ఎప్పటి నుంచి?"

ఎప్పటి నుంచంటే, ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాటి నుంచి. పద్నాలుగేళ్ళు. ఆ రోజు పొద్దున అత్త గ్లాసులో టీ, అరచేతిలో బిళ్ళ పెట్టుకుని వచ్చింది. దూది నుసి తలకెక్కుద్ది, విల్లు మోతకి కణతలు పగిలిపోతాయి, మోగకముందే ఇది వేసుకో అంది. ఆ ఇంట్లో అది పళ్ళు తోముకోవడం లాంటి పని. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. ఆడవాళ్ళు బిళ్ళ వేసుకున్నాకే విల్లు మోగేది. సైదమ్మకు ఆమె అత్త ఇచ్చిందట, తను మాత్రం ఎప్పుడో మానేశానని చెప్పుకునేది.

"విల్లు మోతకి, నుసికి నొప్పి వస్తుందంటావు," అన్నాడు డాక్టరు. "మోగని రోజు ఉందా?"

"శుక్రవారం మోగదండీ. జుమ్మా."

"ఆ రోజు హాయిగా ఉంటుందన్నమాట."

"లేదండీ. ఆ రోజే చచ్చిపోతా. తలంటుకుంటాం గదా, నీళ్ళు నెత్తిలోకి దిగి..."

"శుక్రవారం పొద్దున బిళ్ళ వేసుకుంటావా?"

"ఎందుకండీ, విల్లు లేంది?"

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అదీ సంగతి. విల్లూ కాదు, నీళ్ళూ కాదమ్మా. ఒకప్పుడు తలనొప్పికి బిళ్ళ వేసుకున్నావేమో, ఇప్పుడు బిళ్ళ కోసమే తల నొప్పెడుతోంది. ఆలస్యమైతే అడుగుతుంది. ఇస్తే ఊరుకుంటుంది, పూట తిరక్కుండా మళ్ళీ అడుగుతుంది. ఇట్లాగే ఇంకో రెండేళ్ళు ఇస్తూ పోతే మూత్రపిండాలు పోతాయి. మొత్తం ఆపెయ్. పది పన్నెండు రోజులు నరకం చూస్తావు. నేను అబద్ధం చెప్పను, నరకమే. ఆ తర్వాత తేలిపోతుంది."

తేలిపోతుందట. హమీదా పెదవి విరిచి, అడుగునున్న పాత దుప్పటి తీయడానికి పెట్టెలోకి వంగింది.

వంగినదల్లా అట్లాగే ఆగిపోయింది.

పద్నాలుగేళ్ళుగా వంగడమంటే ఆమెకు ఒక లెక్కప్రకారం జరిగే పని. ముందు ఊపిరి బిగబట్టాలి, తర్వాత మెడ కదలకుండా నడుము వంచాలి, అయినా సరే కణతల్లో సమ్మెట పడేది. ఇప్పుడు ఆమె ఊపిరి బిగబట్టలేదు. స్టూలెక్కింది, పెట్టె దించింది, పదిసార్లు వంగి లేచింది. సమ్మెట పడలేదు.

మెల్లగా నేల మీద కూర్చుంది. ఎడమ కణత మీద వేలు పెట్టి నొక్కింది. కుడి కణత నొక్కింది. కళ్ళ వెనక, మెడ మీద, నడినెత్తిన, తాళంచెవి పారేసుకున్న మనిషిలా ఒక్కో చోటా వెతికింది. ఎక్కడా లేదు.

వీధిలో ఎవరో స్టీలు సామాను వాడు అరుస్తూ పోతున్నాడు. పక్కింట్లో మిరపకాయలు దంచుతున్న రోకలి చప్పుడు. ఆ రెండూ ఆమెకు వినిపించాయి, అంతే. గుచ్చుకోలేదు. చప్పుడు అనేది నొప్పి పెట్టకుండా కూడా చెవిలోకి వస్తుందని ఆమె మరిచిపోయింది.

నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పమిటతో తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఎవరికైనా చెప్పాలి. ఎవరికి? చెప్పాల్సిన మనిషి తువ్వాలు దులుపుకుని పోయాడు.

దుప్పటి దులిపింది. దాని మడతలోంచి చిన్న కాగితం పొట్లం ఒకటి పెట్టెలో పడింది.

హమీదా వంగి దాన్ని తీసింది. పొట్లం విప్పక్కర్లేదు, లోపల ఏముందో ఆమెకు తెలుసు. ఒకే ఒక్క బిళ్ళ. ఒట్టు వేసిన రోజునే, వేసిన చేత్తోనే, తెచ్చి దాచుకుంది. మింగడానికి కాదు. మరీ ప్రాణం పోయేట్టుంటే ఉందిలే అనుకోవడానికి. నాలుగో రోజు రెండుసార్లు ఈ పెట్టె దాకా స్టూలెక్కి, మూత మీద చెయ్యి పెట్టి, దిగిపోయింది.

మింగలేదు. అది నిజం. కానీ దీన్నే యాకూబ్ చూసి ఉంటే ఏం చెప్పేది?

పొట్లాన్ని రొంటిన దోపుకుని, అత్తకు చెబుదామని లేచింది. ఎన్నన్నా, గిన్నె పట్టుకున్న మనిషి. ముందు ఆమెకే చెప్పాలి.

*

వంటింట్లో సైదమ్మ గోడవైపు తిరిగి నిలబడి ఉంది. పమిట చెంగు ముడి విప్పింది. చెయ్యి నోటి దాకా వెళ్ళింది. చెంబెత్తి గటగటా తాగింది. తలను కొంచెం వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, అది దిగేదాకా ఆగింది.

ఆ ఆగడం హమీదాకు తెలుసు. పద్నాలుగేళ్ళు తను కూడా అట్లాగే ఆగింది.

తల తేటగా ఉంటే ఎన్ని కనిపిస్తాయో. నుదుటి గుడ్డ. రోజూ ఎండలో బస్టాండు దాకా నడక. యాకూబ్ పోయి మూలకొట్టు గోవిందయ్యతో, మా ఇంటికి బిళ్ళలమ్మితే ఊరుకోనని చెప్పి వచ్చిన మర్నాటి నుంచే మొదలైన నడక.

"అందుకా అత్తా, రోజూ గోంగూర," అంది.

సైదమ్మ చేతిలో చెంబు జారింది. నీళ్ళు ఇద్దరి పాదాల మీదుగా పోయాయి. ఇద్దరూ కదల్లేదు.

సైదమ్మ అంది, "తలుపేసెయ్యవే."

"ఎందుకెయ్యాలి? నాలుగు రోజుల్నించి నన్ను ఈధిలో పెట్టి దొంగ దొంగ అంటంటే తలుపెవరేశారు?" హమీదా గొంతు పెరగలేదు, అదే విచిత్రం. కోపం మాత్రం అరికాళ్ళ నుంచి లేస్తోంది. "ఇందాకేమన్నావు? ఒప్పుకోమన్నావు. నీ రేకుకి నన్ను ఒప్పుకోమన్నావు."

"పాత దూది అనుకున్నానే. పారేసే కుప్పనుకుని అందులో దోపా. కళ్ళు సరిగా ఆనవు గదా. అది ఏకే దూదని నాకేం తెలుసు?"

"తెలిశాక?"

సైదమ్మ నీళ్ళలోనే కూలబడింది.

"చెప్తే వాడు నావి కూడా ఆపిస్తాడే. నిన్ను చూశాను గదా. ఆ మూడు రోజులు నీ పక్కన కూర్చుని చూశా. నువ్వు కాబట్టి బతికావు. నేను ముసలిదాన్నే, నా వల్ల కాదు. చానా భయమేసింది. నీ గిన్నె కడిగి పెట్టి, ఆ చేత్తోనే పోయి ఒకటి మింగొచ్చా." పమిటతో మొహం కప్పుకుంది. "తొలి బిళ్ళ నీకిచ్చింది కూడా నేనే. నొప్పి రాకూడదని ఇచ్చానే. నీ తోడు, మంచికే ఇచ్చా."

అంతకుముందు దాకా హమీదాకు ఆమెను కడిగెయ్యాలని ఉంది. మాటలు నాలుక చివరికి వచ్చి ఉన్నాయి. కానీ రొంటిన దోపుకున్న పొట్లం నడుముకు ఒత్తుకుంటోంది.

"వాడికి చెప్తావా?" అంది సైదమ్మ పమిట లోంచి.

హమీదా చెంబు తీసి గట్టు మీద పెట్టింది. విల్లున్న గదిలోకి వెళ్ళింది.

*

రెండు దాటాక యాకూబ్ వచ్చాడు. హమీదా ట్రంకుపెట్టె పక్కన లేదు. దూలం కింద, విల్లు ముందు కూర్చుని ఉంది. చుట్టూ దూది పరిచి ఉంది. తాడు ఆమె ఒళ్ళో ఉంది.

"కట్టు," అంది.

"ఒప్పుకున్నావా?"

"కట్టమంటన్నా. తప్పుడు ఒట్టైతే తెగుద్దిగా, చూద్దాం. ఇదుగో ఈడ కూర్చుంటా. తెగితే నా మొహానే కొట్టాలి." తాడు ఎక్కడ బిగుస్తుందో సరిగ్గా అక్కడికి, జానెడు దూరంలోకి జరిగి కూర్చుంది.

"పిచ్చి పట్టిందా నీకు? లెగు."

"లెగను. మా అన్నొచ్చే లోపల ఇది తేలాలి. నన్ను దొంగగా పంపిస్తావో ఎట్టా పంపిస్తావో, నీ విల్లే చెప్పనీ."

యాకూబ్ విల్లునీ ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. నమ్మకమున్న మనిషికి అంతకన్నా పెద్ద ఇబ్బంది లేదు. తెగుతుందని నమ్మితే భార్య మొహం ముందు తాడు లాగకూడదు. తెగదని నమ్మితే ఈ నాలుగు రోజులూ ఎందుకు విప్పి ఉంచినట్టు? తాడు చేతిలోకి తీసుకున్నాడు. ఒక కొస కట్టాడు. రెండో కొస లాగి బిగించాడు. వంటింటి గుమ్మంలో సైదమ్మ వచ్చి నిలబడింది.

యాకూబ్ తాడు మీద కొట్టే చెక్కగుండు ఎత్తాడు. హమీదా ఆ గుండునే చూసింది. ఆమె కళ్ళు మూసుకోలేదు.

"ఆగరా," అంది సైదమ్మ.

"నువ్వుండమ్మా."

"ఆగరా యాకూబూ. ఆ తాడు పాతది. మీ నాయనున్నప్పటిది. అది తెగితే ఒట్టుకు కాదు, ఊరికే తెగుద్ది, పిల్ల కన్ను పోద్ది." ఆమె ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, కొడుకు ఎత్తిన చెయ్యి పట్టుకుంది. "రేకు నాది."

చెంగు ముడి విప్పి దూది మీద కుమ్మరించింది. ఏడెనిమిది బిళ్ళలు దూదిలో దిగి కనపడకుండా పోయాయి, తెలుపులో తెలుపు.

యాకూబ్ తల్లిని చూశాడు, దూదిని చూశాడు. భార్య వైపు చూడటానికి మాత్రం చాలాసేపు పట్టింది. చెక్కగుండు దించి నేల మీద పెట్టాడు.

"నీకు తెలుసా?" అన్నాడు హమీదాతో.

"మధ్యాహ్నం తెలిసింది."

"మరి చెప్పలేదే?"

"నా మాట నమ్ముతావా నువ్వు?"

యాకూబ్ తాడు కొస ముట్టుకుని చెయ్యి తీసేశాడు. "నాలుగు రోజులు," అన్నాడు. ఇంకేదో అనబోయి, అదే మాట మళ్ళీ అన్నాడు. "నాలుగు రోజులు నిన్ను..."

"అవును. నాలుగు రోజులు. మర్చిపోతానని అనుకోమాక, మర్చిపోను." హమీదా కాసేపు అతన్ని అట్లాగే ఉండనిచ్చింది. ఆ మాత్రం ఉండాల్సిందే. తర్వాత అంది, "ఇప్పుడు కొట్టు. కొంచెం పక్కకు జరుగుతాలే."

అతను గుండు తీసి కొట్టాడు. టంగ్‌మని మోగింది విల్లు. దూలం నుంచి దుమ్ము రాలింది. నాలుగు రోజుల మౌనం ఒక్కసారిగా వదిలినట్టు తాడు మోత ఇల్లంతా నిండింది. దూది పైకి లేచి హమీదా జుట్టు మీద, భుజాల మీద పడింది. ఆమె పాత అలవాటుకొద్దీ నొప్పి కోసం పళ్ళు బిగించింది.

రాలేదు.

"ఇంకోసారి," అంది.

మోగింది. రాలేదు.

"ఏందే?" అన్నాడు యాకూబ్ భయంగా. "ఏడుస్తన్నావేంది? నొప్పా?"

"నొప్పి లేదు. పొద్దుట్నించీ లేదు. పోయింది, నిజంగా పోయింది." నవ్వుతూ, దూది ఉమ్ముతూ చెప్పింది. "ఇంకా కొట్టు. మీ ఇంటికొచ్చిన పద్నాలుగేళ్ళలో దీని మోత నేను సరిగా విననే లేదు. బాగానే ఉంది కదా."

యాకూబ్ కొడుతూనే ఉన్నాడు. ఎల్లుండి పరుపుల కోసం కాదు, ఊరికే. అతని మొహం ఎంత తేలికపడిందో చూసి హమీదాకు కోపం కాస్త అలిగి పక్కకు జరిగింది.

అప్పుడు సైదమ్మ వంగి, కదులుతున్న తాడు మీదికి చెయ్యి చాపింది. "నేను కూడా ఒట్టేస్తారా. ఇయ్యాల్టి నించి..."

హమీదా ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసింది.

"ఒట్టొద్దత్తా. ఒట్టేస్తే దాచాలనిపిస్తది. రోజుకెన్ని?"

"నాలుగు."

హమీదా ఏమీ అనలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది.

"ఆరు," అంది సైదమ్మ.

హమీదా చూస్తూనే ఉంది.

"ఎనిమిదే. చాలా ఇంక? శుక్రవారం పది."

బయట రిక్షా గంట మోగింది. గొడుగు చంకన పెట్టుకుని హమీదా అన్న హబీబ్ దిగాడు. ఎర్రటి మొహంతో, బావమరిదిగా చెప్పాల్సిన మాటలన్నీ గురజాల నుంచి దారి పొడుగునా కూర్చుకుని వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి విల్లు మోగుతోంది, చెల్లెలు నెత్తినిండా దూదితో నవ్వుతోంది, ఆమె అత్త ఏడుస్తోంది. కూర్చుకున్న మాటల్లో ఏది ముందు వాడాలో ఆయనకు తెలియలేదు.

"సామాను సర్దావా?" అన్నాడు చివరికి.

"సర్దాను. మళ్ళీ తియ్యాలి. కూర్చో అన్నా, గోంగూర పచ్చడుంది, తిను. రిక్షా పంపించెయ్యమాక."

"ఎవరికి రిక్షా?"

"మా అత్తకి. డాక్టరు నాలుగింటికి కూర్చుంటాడు." యాకూబ్ లేవబోతే చేత్తో ఆపింది. "నువ్వు పరుపులు చూసుకో. ఇది నీకు తెలిసే పని కాదు. పది పన్నెండు రోజులు నాకు ఈ ఇంట్లో పనుంది, ఆ తర్వాత మా అన్నతో పోవాలా వద్దా ఆలోచిస్తా."

యాకూబ్ నవ్వాడు. అది తమాషాకి అన్నదో కాదో తేలక మధ్యలో ఆపేశాడు.

*

రిక్షా స్టేషన్ రోడ్డు వైపు తిరిగింది. మిరపకాయ బస్తాల లారీ ఒకటి చెవులు గింగురుమనేట్టు హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. హమీదా తల తిప్పి దాన్ని పోనిచ్చింది. ఎండ, దుమ్ము, మిరప ఘాటు, జనం. అన్నీ ఉన్నాయి, తల మాత్రం ఆమె భుజాల మీద పువ్వులా నిలబడి ఉంది. సినిమా పోస్టర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదివింది. చదివి చదివి తనలో తనే నవ్వుకుంది.

సైదమ్మ పోస్టర్ల వైపు చూడటం లేదు. "ఆయన తిడతాడా?" అంది.

"తిట్టడు. ఊరికే చూస్తాడు. అదే కష్టం."

"రెండో రోజే ఎక్కువ గదా?"

"రెండూ, మూడూ. గిన్నె నేను పట్టుకుంటాలే."

సైదమ్మ తల ఊపింది. ఎడమ చేత్తో రిక్షా కమ్మీ పట్టుకుంది. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, గుప్పిట బిగించి. దూదిలోంచి బిళ్ళలన్నీ ఏరి పారెయ్యమని యాకూబ్ చేతిలో పోసింది ఆ చెయ్యే. అన్నీ పోశానంది. ఇల్లు దాటినప్పటి నుంచి ఆ గుప్పిట విడలేదు.

హమీదా ఆ గుప్పిటను చూసింది. తెరవమంటే తెరుస్తుంది. తెరిచి, ఏడ్చి, పారేస్తుంది. ఆ తర్వాత ఇంకోటి ఎక్కడ దొరుకుతుందా అని మళ్ళీ గోంగూరకు బయల్దేరుతుంది.

తన రొంటిన పొట్లం అట్లాగే ఉంది. పదకొండు రోజులు పెట్టెలో ఉంది, మింగలేదు. కానీ ఉందని తెలుసు కాబట్టే నాలుగో రోజు దాటిందేమో, ఏమో, తనకూ తెలియదు. దాన్ని తీసి దారిలో పారెయ్యడానికి ఇంటి నుంచి ఇక్కడికి ఎన్ని కాలవలు కనపడలేదు?

రిక్షా డాక్టరు గది ముందు ఆగింది. సైదమ్మ దిగడానికి చెయ్యి ఇవ్వాలి. ఎడమచెయ్యి కమ్మీ మీద ఉంది, ఇవ్వాల్సింది కుడిచెయ్యి.

హమీదా కింద నిలబడి, తన అరచెయ్యి చాపి, అడక్కుండా ఎదురుచూసింది.